బడి వోచర్లు, సర్కారు బడి నిధులు: మాస్తి, కోలారు సీమ నుంచి ఒక పరిశీలన

పిల్లల చదువుకని ప్రభుత్వం తీసిపెట్టే డబ్బును బడికి ఇవ్వాలా, బిడ్డ పేరున ఇవ్వాలా అన్నది బడి వోచర్ల చర్చకు మూలం. బడికి ఇస్తే టీచర్ల జీతాలు, గదులు, పుస్తకాలు, మధ్యాహ్న భోజనం ప్రభుత్వమే చూసుకుంటుంది. బిడ్డ పేరున ఇస్తే తల్లిదండ్రులు ఎంచుకున్న బడికి, అది ప్రైవేటుదైనా సరే, ఆ ఫీజు సర్కారు నుంచి వెళ్తుంది. మన దేశంలో వోచరు అనే పేరు పెట్టుకున్న పెద్ద ప్రభుత్వ పథకం లేదు. అయితే 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేదపిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లు, పేరు ఏదైనా, వోచరు పద్ధతిలోనే నడుస్తాయి. కర్ణాటకలో ఈ సీట్లు 2012లో మొదలయ్యాయి. 2019లో ఒక నియమ సవరణతో చాలావరకు మూతపడ్డాయి. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న కోలారు జిల్లాలో తెలుగు ఇంటిభాషగా పెరిగే పిల్లలకు ఈ చర్చ మరింత దగ్గరిది. డబ్బు ఎవరి పేరున వెళ్తుందన్న ప్రశ్నతో పాటు, ఏ భాషలో చదువు దొరుకుతుందన్న ప్రశ్న కూడా వారికి ఎదురవుతుంది.

మాస్తి, చుట్టుపక్కల సీమ

మాస్తి కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని హోబ్లీ (తాలూకాలో ఒక భాగం) కేంద్రం. కన్నడ కథానికకు పెద్దదిక్కు అయిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ (1891–1986) పేరుకు ముందున్నది ఈ ఊరే. ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబంలో పుట్టి, కన్నడంలో రాసి, 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందిన మనిషి ఆయన. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, సంతలో ఇంకొక భాష అన్నది ఈ సీమలో ఎప్పటినుంచో మామూలు సంగతి. జిల్లాకు తూర్పున ఆంధ్రప్రదేశ్, దక్షిణాన తమిళనాడు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట తాలూకాల పల్లెల్లో చాలా ఇళ్లలో తెలుగే మాటామంతీ.

జిల్లా చదువులకు రెండు పాత దారులున్నాయి. ఒకటి మైసూరు సంస్థానం వేసినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న కాలంలో, 1913లో, నిర్బంధ ప్రాథమిక విద్యకు మైసూరు ఒక చట్టం చేసింది. దేశంలో చాలా ప్రాంతాలు ఆ ఊసు ఎత్తకముందే ఇక్కడ సర్కారు బడి రాజ్యం బాధ్యతగా నిలబడింది. రెండోది మిషనరీలు, గని కంపెనీలు వేసిన దారి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కోలారు బంగారు గనుల్లో అడుగుపెట్టాక, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చాక, కేజీఎఫ్ ఒక పట్టణంగా ఎదిగింది. తమిళ, తెలుగు కూలీల కుటుంబాలు గని కాలనీల లైన్లలో కాపురం పెట్టాయి. క్రైస్తవ సంస్థలు కాన్వెంట్లు తెరిచాయి. కంపెనీ నీడలో ఉద్యోగి బిడ్డ చదువు, వైద్యం గడిచిపోయేవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. జీతం పోయిన ఇంటికి కాన్వెంటు ఫీజు ఒక్కసారిగా కొండయింది. ఇప్పుడు ఆ కాలనీల నుంచి వేలమంది తెల్లవారుజామునే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్తున్నారు. వాళ్ల సంపాదనలో పిల్లల ఫీజు పెద్ద వాటా తినేస్తుంది. వోచరు అన్న ఆలోచన ఎవరికి ఆశగా కనిపిస్తుందో తెలుసుకోవాలంటే ఇలాంటి ఇళ్లనే చూడాలి.

ఆలోచన ఎక్కడ పుట్టింది

ప్రైవేటు బడికి సర్కారు సొమ్ము ఇవ్వడం మనకు కొత్త కాదు. 1854 నాటి ఉడ్ విద్యా ప్రణాళిక సహాయక నిధుల పద్ధతిని తెచ్చింది. నేటి ఎయిడెడ్ బడులకు అదే మూలం. అక్కడ డబ్బు బడికే వెళ్తుంది. బిడ్డ వెంట నడవదు.

డబ్బు బిడ్డ వెంట నడవాలన్న వాదాన్ని 1955లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒక వ్యాసంలో స్పష్టంగా పెట్టాడు. చదువుకు ప్రభుత్వం డబ్బు పెట్టాలి గానీ బడిని ప్రభుత్వమే నడపనక్కర్లేదని ఆయన మాట. తల్లిదండ్రులు బడిని మార్చగలిగితే బడులు పోటీపడి బాగుపడతాయని ఆయన నమ్మకం. ఈ వాదాన్ని భారతదేశంలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సివిల్ సొసైటీ 2007 నుంచి ప్రచారంగా నడిపింది. హైదరాబాదు పాతబస్తీ సందుల్లో తక్కువ ఫీజుతో నడిచే చిన్న ప్రైవేటు బడుల మీద బ్రిటన్ పరిశోధకుడు జేమ్స్ టూలీ చేసిన పని ఆ ప్రచారానికి బలమిచ్చింది. పేదవాడు కూడా కడుపు కట్టుకుని ఫీజు కడుతున్నాడంటే ఆ బడిలో ఏదో ఉండి ఉండాలని టూలీ వాదించాడు. ఆ మాటలో నిజముంది. సర్కారు బడి మీద పేదవాడికి నమ్మకం ఎంతగా తరిగిందో కూడా ఆ ఫీజు రసీదే చెబుతుంది.

ఎదుటి పక్షానికి పునాది 1964–66 కొఠారీ కమిషన్. ధనిక, పేద తేడా లేకుండా ఇరుగుపొరుగు పిల్లలంతా ఒకే బడికి వెళ్లే ఉమ్మడి పాఠశాల వ్యవస్థను ఆ కమిషన్ కోరింది. జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే 6 శాతాన్ని మళ్లీ రాసుకుంది. అరవై ఏళ్లుగా ఆ అంకె ప్రతి విధాన పత్రంలో కనిపిస్తూనే ఉంది, బడ్జెట్లు మాత్రం ఒక్కసారీ అక్కడికి చేరలేదు. వోచర్ల వాదులు, సర్కారు బడి వాదులు ఏ పక్షం తీసుకున్నా, ఈ లోటు నడుమనే మాట్లాడుకుంటున్నారన్నది మరిచిపోకూడదు.

25 శాతం సీట్లు

2002లో 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. దాన్ని అమలు చేసే చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అందులో 12వ సెక్షను ప్రకారం ఎయిడు తీసుకోని ప్రైవేటు బడి కూడా ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం ఇరుగుపొరుగున ఉండే బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఇచ్చి, ఎనిమిదో తరగతి దాకా ఉచితంగా చదివించాలి. బడికి ప్రభుత్వం సొమ్ము తిరిగి చెల్లిస్తుంది. సర్కారు బడిలో ఒక్కో బిడ్డకు అయ్యే ఖర్చు, ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది.

ప్రైవేటు యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో ఈ నిబంధనను నిలబెట్టింది. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో రాజ్యాంగ ధర్మాసనం, మైనారిటీ వర్గాల బడులకు ఈ చట్టం వర్తించదని తీర్పిచ్చింది. రాజ్యాంగం 30వ అధికరణం మత మైనారిటీలనే కాక భాషా మైనారిటీలను కూడా చెబుతుంది. కర్ణాటకలో తెలుగువాళ్లు భాషా మైనారిటీయే. ఆ తీర్పు తర్వాత కర్ణాటకలో పలు బడులు మైనారిటీ ముద్ర కోసం పరుగులు తీశాయి. పేదపిల్లలకు సీటు ఇవ్వకుండా తప్పుకోవడానికి తెలుగు, తమిళం వంటి భాషల పేరు ఒక తలుపుగా మారడం బాధాకరం. భాషను కాపాడుకోవడానికి రాజ్యాంగం ఇచ్చిన హక్కు అది.

కర్ణాటక 2012లో నియమాలు చేసి సీట్లు మొదలుపెట్టింది. ఇక్కడ ఒకటో తరగతితో పాటు ఎల్‌కేజీలో కూడా చేర్చుకున్నారు. ప్రభుత్వం మొదట్లో ఒకటో తరగతి బిడ్డకు ఏటా 11,848 రూపాయలు, ఎల్‌కేజీ బిడ్డకు 5,924 రూపాయలు గరిష్ఠ పరిమితిగా పెట్టింది. తర్వాత దాన్ని 16,000, 8,000 రూపాయలకు పెంచింది. దరఖాస్తులు ఆన్‌లైన్‌కు మారాయి, లాటరీ తీసి సీట్లు ఇచ్చారు. పదిమందిలో ఒకరికి దక్కితే తొమ్మిదిమందికి దక్కలేదన్న బాధ ఉన్నా, లాటరీ వచ్చాక సిఫారసులకు చోటు తగ్గింది.

పల్లెకు వచ్చేసరికి లెక్క మారింది. ఇరుగుపొరుగు అంటే పల్లెల్లో రెవెన్యూ గ్రామం, పట్టణాల్లో వార్డు. కాన్వెంట్లు వెలిసేవి కోలారు, మాలూరు, బంగారుపేట, కేజీఎఫ్ వంటి పట్టణాల్లోనూ, హోబ్లీ కేంద్రాల రోడ్ల పక్కనా. కూలి పని మీద బతికే కుటుంబం లోపలి పల్లెలో ఉంటే, ఆ ఊళ్లో ప్రైవేటు బడే ఉండదు కాబట్టి చట్టం ఇచ్చిన సీటు కాగితం మీదే ఆగిపోతుంది. సొమ్ము సిద్ధంగా ఉన్నా తీసుకోవడానికి బడి లేదు. వోచరు పట్టణానికి ఎంత పనికొస్తుందో పల్లెకు అంత పనికిరాదనడానికి ఇది మొదటి రుజువు.

సీటు దక్కిన పిల్లల కష్టాలు వేరు. మధ్యాహ్న భోజనం సర్కారు, ఎయిడెడ్ బడులకే. కర్ణాటక 2013 ఆగస్టు నుంచి ఇస్తున్న పాలు, ఆ తర్వాత వచ్చిన కోడిగుడ్లు కూడా అక్కడే. ప్రైవేటు బడి గడప తొక్కిన పేదబిడ్డ వీటిని వదులుకోవాలి. ఫీజు సర్కారు కట్టినా యూనిఫారం, పుస్తకాలు, వ్యాను, వార్షికోత్సవం పేరుతో ఇంటికి ఖర్చులు వస్తూనే ఉంటాయి. ఎనిమిదో తరగతితో చట్టం చేయి వదిలేస్తుంది. 2012–13లో ఒకటో తరగతిలో చేరిన మొదటి బ్యాచి 2019–20లో ఎనిమిది ముగించింది. తొమ్మిదిలో అదే బెంచీ మీద కూర్చోవాలంటే తండ్రి పూర్తి ఫీజు కట్టాలి. టెన్త్ పరీక్షకు రెండేళ్ల ముందు బిడ్డను ఇలా నడిరోడ్డున నిలబెట్టే ఏర్పాటును ఏ కోణం నుంచి చూసినా సమర్థించలేం.

2019 మలుపు

ప్రైవేటు బడులకు ఏటా చెల్లించే సొమ్ము పెరుగుతూ పోయింది. సర్కారు బడుల్లో చేరికలు తగ్గుతూ వచ్చాయి. సర్కారే తన బడిని ఖాళీ చేయడానికి డబ్బు కడుతోందన్న విమర్శ ఉపాధ్యాయ సంఘాల నుంచి, కన్నడ సంఘాల నుంచి బలంగా వచ్చింది. 2019 జనవరి 30న కర్ణాటక ప్రభుత్వం తన 2012 నియమాల్లో 4వ నియమాన్ని సవరించింది. ఇరుగుపొరుగున సర్కారు బడి గానీ ఎయిడెడ్ బడి గానీ ఉంటే, అక్కడి ప్రైవేటు బడి 25 శాతం సీట్లు ఇవ్వనక్కర్లేదు. ఇలాంటి నియమం కేరళలో అప్పటికే ఉంది. అదే ఏడాది మే 31న కర్ణాటక హైకోర్టు ఈ సవరణను సమర్థించింది. లక్షకు పైగా ఉన్న సీట్లు ఒక్క ఏడాదిలో ఇరవై వేల లోపుకు పడిపోయాయి.

మహారాష్ట్ర 2024లో దాదాపు ఇదే నియమం చేస్తే, ఆ ఏడాది జులైలో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. సుప్రీంకోర్టు ఆగస్టులో ఆ తీర్పునే నిలబెట్టింది. ఒకే చట్టం, దాదాపు ఒకే మాటలు, రెండు హైకోర్టుల్లో రెండు ఫలితాలు. మాలూరు బిడ్డకు లేని హక్కు గడి అవతల ఉన్న కొల్హాపూరు బిడ్డకు ఉంది.

కర్ణాటక సవరణను పూర్తిగా తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. ఊళ్లోనే బడి ఉండగా ఇంకొకరి బడికి సొమ్ము కట్టడం దేనికన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ సవరణలో ఒక మాట దాగి ఉంది. ‘మీ ఊళ్లో సర్కారు బడి ఉంది కాబట్టి మీకు ఇంకేమీ అక్కర్లేదు’ అని ప్రభుత్వం తల్లిదండ్రులకు చెప్పింది. అలా చెప్పిన ప్రభుత్వం ఆ బడిని తరగతికొక టీచరుతో, బాగుపడ్డ గదులతో నిలబెట్టి చూపాలి. కర్ణాటకలో ఏటేటా వేలాది ఖాళీలను అతిథి శిక్షకులతో నెట్టుకొస్తున్నారు. బడి తెరిచి వారాలు గడిచాక వచ్చే అతిథి టీచరు, సెలవుల ముందు వెళ్లిపోతాడు. చట్టం ప్రాథమిక తరగతుల్లో ముప్పై మందికి ఒక టీచరు అంటుంది. ఒక గదిలో మూడు తరగతుల పిల్లలను ఒక్క పంతులు కూర్చోబెట్టుకున్న చోట కూడా ఈ నిష్పత్తి లెక్కకు సరిపోతుంది. చదువు మాత్రం సరిపోదు.

ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ల పరీక్ష

వోచర్ల మీద ప్రపంచమంతా ఉదహరించే పరిశోధనల్లో ఒకటి తెలుగు పల్లెల్లోనే జరిగింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో 180 గ్రామాలను తీసుకున్నారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీన్ని రూపొందించారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ నడిపింది. లాటరీ రెండు దశల్లో సాగింది. ముందు ఏ గ్రామానికి వోచర్లు ఇవ్వాలో లాటరీ, తర్వాత దరఖాస్తు పెట్టుకున్న ఇళ్లలో ఎవరికి ఇవ్వాలో లాటరీ. ఇలా చేయడం వల్ల వోచరు దక్కిన బిడ్డకు ఏమైందో, దక్కక సర్కారు బడిలోనే మిగిలిపోయిన బిడ్డకు ఏమైందో, ముందునుంచే ప్రైవేటు బడిలో ఉన్న బిడ్డకు ఏమైందో విడివిడిగా తెలుసుకునే వీలు దొరికింది. ఫలితాలు 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అచ్చయ్యాయి.

రెండేళ్ల తర్వాత, నాలుగేళ్ల తర్వాత పరీక్షలు పెడితే, తెలుగులోనూ లెక్కల్లోనూ వోచరు పిల్లలకు, వోచరు లేని పిల్లలకు తేడా లేదు. హిందీలో వోచరు పిల్లలు బాగా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ దాదాపు చెప్పరు, ప్రైవేటు బడుల్లో చెబుతారు, అందుకే ఆ తేడా. ప్రైవేటు బడులు తెలుగుకు, లెక్కలకు తక్కువ గంటలు కేటాయించి, ఇంగ్లీషుకు, ఇతర పాఠాలకు ఎక్కువ ఇచ్చాయి. తక్కువ గంటల్లోనే తెలుగు, లెక్కల్లో సమానంగా నిలిచాయి. ఒక్కో బిడ్డ మీద వాటి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. మిగిలిపోయిన పిల్లలకు నష్టమూ కనిపించలేదు, లాభమూ కనిపించలేదు.

ఈ ఫలితాన్ని రెండు పక్షాలూ తమకు అనుకూలంగా చదువుకున్నాయి. ఖర్చు మూడో వంతు, చదువు సమానం, ఇంకేం కావాలని వోచర్ల పక్షం అంది. బిడ్డ నేర్చుకునేది పెరగనప్పుడు ఇంత మార్పు దేనికని ఎదుటి పక్షం అంది. రెండూ నిజాలే. అయితే ఆ మూడో వంతు ఎలా సాధ్యమైందో చూడాలి. ఆ బడుల్లో టీచర్లకు సర్కారు టీచరు జీతంలో చిన్న భాగమే ముడుతుంది, శిక్షణ కూడా తక్కువే. ఊళ్లో చదువుకున్న, పెళ్లికాని ఆడపిల్ల ఆ జీతానికి పనిచేస్తేనే ఆ లెక్క నిలబడుతుంది. సర్కారు బడిలో చురుకు కొరవడడం వేరే సంగతి. అది ఆ పరిశోధన ఎత్తిచూపిన అసలు లోపం, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు.

నాకు ఇంకా ముఖ్యంగా కనిపించిన సంగతి మరొకటి. తెలుగు మాధ్యమంలో నడిచిన ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు బాగా నేర్చుకున్నారని, ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి మారిన పిల్లలు ఇతర పాఠాల్లో వెనకబడ్డారని ఆ లెక్కలు సూచించాయి. పరిశోధకులు దీన్ని నిర్ధారణగా చెప్పలేదు, సూచనగానే పెట్టారు. ఇంటిభాష తెలుగైన, బడిభాష కన్నడమో ఇంగ్లీషో అయిన కోలారు బిడ్డ గురించి ఆలోచించేవాళ్లు ఆ సూచనను పట్టించుకోవాలి.

గడి అవతల: అమ్మఒడి, తల్లికి వందనం

కోలారు సీమకు ఎదురుగా ఉన్న చిత్తూరులోనే 2020 జనవరి 9న అమ్మఒడి పథకం మొదలైంది. బిడ్డను బడికి పంపే పేద తల్లి ఖాతాలో ఏటా 15,000 రూపాయలు వేసేవారు. సర్కారు బడైనా ప్రైవేటు బడైనా సరే. తర్వాత బడి మరుగుదొడ్ల నిర్వహణకని, బడి నిర్వహణకని కొంత కోత పడింది. ప్రభుత్వం మారాక 2025 జూన్ 12న తల్లికి వందనం పేరుతో పథకం వచ్చింది. ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది, నిర్వహణకు 2,000 పోను తల్లికి 13,000 అందుతుంది. ఇది వోచరు కాదు, చేతికి అందే నగదు. ఫీజుకే వాడాలన్న కట్టుబాటు లేదు. అయినా చాలా ఇళ్లలో అది కాన్వెంటు ఫీజుగానే మారుతుందన్నది ఆ పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతి.

ఇంకో మెలిక ఉంది. విద్యా హక్కు చట్టం 25 శాతం సీట్లను ఆంధ్రప్రదేశ్ 2022–23 నుంచి అమలు చేసినప్పుడు ఫీజును పట్టణాల్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలుగా నిర్ణయించింది. ఆ ఫీజును అమ్మఒడి సొమ్ములో నుంచి తల్లిదండ్రులే కట్టాలంది. చట్టం ఉచితం అన్న సీటుకు, వేరే పథకం కింద వచ్చిన డబ్బు తల్లి చేతి నుంచి తీసి కట్టించడం ఉచితం ఎలా అవుతుందన్న ప్రశ్నకు సరైన జవాబు రాలేదు. తెలంగాణ ఏళ్ల తరబడి ఈ సీట్ల ఊసే ఎత్తలేదు. దక్షిణాన తమిళనాడులో, బడులకు ఇచ్చే సమగ్ర శిక్ష నిధులను కేంద్రం ఆపడంతో 2025లో ఈ సీట్ల ప్రవేశాలే నిలిచిపోయాయి. కేంద్రానికి, రాష్ట్రానికి మధ్య తగువు మీద పేదబిడ్డ సీటు ఆధారపడి ఉందని అప్పుడు తేలింది. సర్కారు బడి తలుపు అలాంటి తగువులకు మూతపడదు.

తలసరి ఖర్చు అనే లెక్క

సర్కారు బడి ఖరీదైనదని చెప్పేవాళ్లు మొత్తం ఖర్చును పిల్లల సంఖ్యతో భాగిస్తారు. ఆ భాగహారం లోపల ఒక మాయ ఉంది. ఒక పల్లె బడిలో ఇద్దరు టీచర్లు, నలభైమంది పిల్లలు ఉన్నారనుకుందాం. పాతికమంది పిల్లలు వ్యానెక్కి పట్టణపు కాన్వెంటుకు వెళ్లిపోతే టీచర్లు ఇద్దరే, జీతాలు అవే, గది అదే. పిల్లలు పదిహేనుమంది. తలసరి ఖర్చు రెండున్నర రెట్ల పైకి ఎగబాకుతుంది. బడి ఏమీ మారకుండానే కాగితం మీద దుబారా బడి అయిపోతుంది. ఆ అంకె చూపించి బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. అప్పుడు మిగిలిన పదిహేనుమంది, సాధారణంగా ఊళ్లో అందరికన్నా పేద ఇళ్ల పిల్లలు, ఆడపిల్లలు ఎక్కువ, రెండు మైళ్లు నడవాలి. వోచర్ల లెక్కల్లో వెళ్లిపోయిన బిడ్డ కనిపిస్తుంది. మిగిలిపోయిన బిడ్డ బడి దూరమైన సంగతి ఏ పద్దులోనూ కనిపించదు.

తెలుగు బిడ్డ సంగతి

రాజ్యాంగంలో 350ఎ అధికరణం భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. 1956లో ఏడవ సవరణతో, భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడే ఇది వచ్చింది. గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు అవతల మిగిలిపోతారని అప్పటివాళ్లకు తెలుసు.

మాతృభాషలో చదువు అడిగేవాళ్లకు ఎదురుగా ఇంకో హక్కు ఉంది. కర్ణాటక 1994లో ప్రాథమిక తరగతులకు కన్నడం గానీ మాతృభాష గానీ మాధ్యమంగా ఉండాలని ఆదేశించింది. ఇరవై ఏళ్ల వ్యాజ్యం తర్వాత, ప్రమతి తీర్పు వచ్చిన 2014 మే 6నే, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నిర్బంధం చెల్లదంది. ఏ భాషలో చదివించాలో తల్లిదండ్రుల ఇష్టమంది. ఆ ఇష్టం ఎటు పోతుందో కోలారు బజారులో బోర్డులు చూస్తే చాలు. కన్నడ మాధ్యమపు ప్రైవేటు బడులే తగ్గిపోతుంటే తెలుగు మాధ్యమపు ప్రైవేటు బడి ఎవరు తెరుస్తారు? వోచరు ఎంత ఇచ్చినా బజారు అమ్మేది ఇంగ్లీషు మీడియం. బంగారుపేటలోనో శ్రీనివాసపురంలోనో పదిమంది పిల్లల కోసం తెలుగు చెప్పే టీచరును ఏ వ్యాపారమూ పెట్టదు. ఆ టీచరుకు జీతం ఇవ్వగలిగేది ప్రజల సొమ్ము ఒక్కటే. వోచర్ల మీద ఎన్ని వాదాలు విన్నా ఈ ఒక్క విషయంలో నా మనసు మారలేదు. తక్కువమంది మాట్లాడే భాషలో, తక్కువమంది ఉండే ఊళ్లో, తక్కువ డబ్బున్న ఇంట్లో పుట్టిన బిడ్డకు పోటీ ఏ మేలూ చేయదు.

అలాగని ఇంగ్లీషు కోరే తల్లిని తప్పుపట్టలేం. ఆ తల్లి మారికుప్పం రైలులో వెళ్లే మొగుణ్ణి చూస్తోంది, బెంగళూరులో ఏ భాషకు ఏ జీతమో చూస్తోంది. కర్ణాటక ప్రభుత్వం 2019లో వెయ్యి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం విభాగాలు తెరిచినప్పుడు కన్నడ రచయితలు చాలామంది నిరసించారు. తల్లిదండ్రులు మాత్రం వరసకట్టారు. కర్ణాటక పబ్లిక్ స్కూళ్ల పేరుతో శిశుతరగతి నుంచి పన్నెండు దాకా ఒకే ఆవరణలో పెట్టే ప్రయత్నం అదే దారిలోది. పెద్ద బడులు పెరిగి చిన్న బడులు మూతపడతాయన్న భయం వాటి చుట్టూ ఉంది. ఆ భయం ఊహ కాదు. సర్కారు బడిలోనే ఇంగ్లీషు బాగా నేర్పుతూ, ఇంటిభాషను ఒక పాఠంగా నిలబెట్టగలిగితే, కాన్వెంటు వ్యాను కోసం ఎదురుచూసే ఇళ్లు సగం తగ్గుతాయి.

సరిహద్దు బడి బాధ ఒక్క తెలుగువారిదే కాదు. కేరళలోని కాసరగోడు కన్నడ బడి కథతో 2018లో వచ్చిన కన్నడ సినిమాను కర్ణాటక నెత్తిన పెట్టుకుంది. హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లలు 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత టెన్త్‌లో తమిళ పరీక్ష భయంతో కోర్టుల చుట్టూ తిరిగారు. కాసరగోడు కన్నడ బిడ్డ కోసం కన్నీళ్లు పెట్టిన రాష్ట్రం, ముళబాగిలు తెలుగు బిడ్డ గురించి కూడా అంతే ఆలోచించాలని అడగడంలో తప్పేముంది?

ఇతర దేశాల్లో

చిలీ 1981లో సైనిక నియంతృత్వం కింద దేశమంతటికీ వోచర్లు తెచ్చింది. మధ్యతరగతి పిల్లలు ప్రైవేటుకు తరలారు, పేదపిల్లలు పురపాలక బడుల్లో మిగిలారు, సగటు చదువు పెరిగిన దాఖలాలు లేవని ఆర్థికవేత్తలు తేల్చారు. 2011లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 2015లో చేసిన చట్టం సర్కారు సొమ్ము తీసుకునే బడుల్లో లాభాపేక్షను, పిల్లలను ఏరుకోవడాన్ని, అదనపు ఫీజులను క్రమంగా ఎత్తివేసింది. స్వీడన్ 1992 నుంచి వోచర్లు నడుపుతోంది. అమెరికాలో 1990లో మిల్వాకీ నగరంతో మొదలై, 2022లో అరిజోనా అందరు పిల్లలకూ ఇచ్చే దాకా వచ్చింది. లూసియానాలో మాత్రం వోచరు పిల్లలు లెక్కల్లో వెనకబడ్డారని పరిశోధన చూపింది.

మంచి ఫలితమిచ్చిన ఉదాహరణ కొలంబియా. 1991లో అక్కడి ప్రభుత్వం హైస్కూలు దశలో పేదపిల్లలకు లాటరీ వోచర్లు ఇచ్చింది. దక్కనివాళ్లతో పోలిస్తే దక్కినవాళ్లలో ఎనిమిదో తరగతి పూర్తిచేసినవాళ్లు సుమారు పది శాతం పాయింట్లు ఎక్కువ. అప్పట్లో అక్కడ సర్కారు హైస్కూళ్లలో సీట్లే చాలేవి కావు. సీటు లేని చోట వోచరు సీటును తెచ్చింది. చిలీలో సీటు ఉన్న చోట బిడ్డలను వేరుచేసింది.

కోలారుకు ఏది పనికొస్తుంది

ఈ అనుభవాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, మాస్తి వంటి సీమకు వోచరు ప్రధాన మార్గం కాజాలదన్నది నా తీర్పు. పల్లెలో దాన్ని తీసుకునే బడి లేదు, ఇంటిభాషను అది నిలబెట్టలేదు, చదువు పెంచుతుందన్న రుజువు తెలుగు పల్లెల్లోనే దొరకలేదు. దానికి న్యాయమైన చోటు ఒకటుంది. దగ్గరలో సర్కారు హైస్కూలు లేని పిల్లలకు, 25 శాతం సీటులో ఎనిమిది ముగించి తొమ్మిదికి దిక్కులేని పిల్లలకు, పదో తరగతి దాకా ఫీజు కట్టే ఏర్పాటుగా అది ఉండవచ్చు. మొరార్జీ దేశాయ్ గురుకులాల వంటి సర్కారు వసతి బడుల్లో సీట్లు పెంచితే ఆ అవసరం కూడా తగ్గుతుంది.

2019 సవరణ వల్ల ప్రైవేటు బడులకు చెల్లించే భారం కర్ణాటకకు తగ్గింది. ఆ మిగులు ఏ తాలూకాలో ఏ బడికి చేరిందో ప్రభుత్వం బడివారీగా ప్రకటించాలి. అడిగే అధికారం కూడా ప్రజలకు ఉంది. విద్యా హక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్లు ఉండాలి. 22వ సెక్షను ప్రకారం ఆ కమిటీ రాసే బడి అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ నిధులకు ఆధారం. కర్ణాటకలో ఆ పని ఎస్‌డీఎంసీలు (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీలు) చేస్తాయి. మాలూరు, ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, కేజీఎఫ్ తాలూకాల తెలుగు తల్లిదండ్రులు ఆ సమావేశాలకు వెళ్లి, తమ బడి ప్రణాళికలో శాశ్వత టీచర్లను, ఇంగ్లీషు విభాగాన్ని, తెలుగు చెప్పే పంతులును పేరుపేరునా రాయించుకోవాలి.